పిట్ట ముట్టని విస్తరి

రెండు వేల ఇరవై నాలుగు, డిసెంబర్ పదకొండు, బుధవారం. రాత్రి రెండు గంటల పది నిమిషాలు. కనకవ్వ చేతిలో మూత పెట్టిన కుండ, ఆమె కొడుకు లింగం చేతిలో సెల్‌ఫోన్. ఇద్దరూ మూతపడ్డ మగ్గాల షెడ్డు వెనక నిలబడ్డారు.

సూరత్‌లో అమ్రోలి దాటినాక ఉందా షెడ్డు. దాని చెడ్డపేరు ఇవాళ్టిది కాదు. మగ్గాలు ఆగి మూడేళ్లయినా, పక్క మిల్లుల్లో రాత్రి పాళీ డ్యూటీ దిగొచ్చే మగ్గం కారీగర్లు ఆ సందు వదిలేసి చుట్టూ తిరిగి పోతారు. రేకుల మీద ఎవరో నడుస్తారట. ఆగుతారట… మళ్లీ నడుస్తారట. అప్పుడే బాస్మతిలాంటి వాసన బియ్యం ఉడుకుతున్నట్టు కమ్మటి వాసన వస్తుందట. పొయ్యి లేదు, ఎసరు లేదు, వండే మనిషి లేడు — వాసన మాత్రం ఉంది.

కనకవ్వ భర్త మొండయ్య ఊరి నుంచి వలస వచ్చి, ఆ షెడ్డులో ఇరవై రెండేళ్లు మగ్గం నడిపాడు. ముందు రోజే ఆయన దినాలు చేశారు.

పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, పిట్టకు పెట్టడం మనవాళ్ల ఆచారం. కాకి వచ్చి ముట్టాలి. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. ముట్టలేదంటే… పోయిన మనిషి మనసులో ఏదో ఉండిపోయిందని, ఇల్లు వదిలి పోలేక తిరుగుతున్నాడని లెక్క.

వెనకటికి షెడ్డు గోడ పక్కన నాలుగు వేపచెట్లుండేవి. మనం విస్తరి పెట్టి పక్కకు జరగక ముందే కాకులు మీద పడేవి. పోయిన ఎండాకాలం లారీలు నిలపడానికి చెట్లు కొట్టేశారు. మొండయ్య విస్తరి మీద పగలంతా వాలింది మిల్లుల మసి ఒక్కటే. లింగం విస్తరి పట్టుకుని ఆటోలో డుమస్ దాకా పోయాడు. సముద్రం ఒడ్డున రెండంటే రెండు కాకులు కనబడ్డాయి. టమాటా భజ్జీల బండి మీదున్నాయి. మటన్ కూరను అలా చూసి, మొహం తిప్పుకున్నాయి.

"మనసుల ఏదో వెట్టుకున్నడు," అంది పక్కింటి ఎల్లవ్వ. "అదేందో నీకే ఎర్కుంటది, చెల్లె."

కనకవ్వకు తెలుసు. పోవడానికి నాలుగు రోజుల ముందు మొండయ్య మంచంలోంచి ఒక్క లోటా కల్లు అడిగాడు. డాక్టరు వద్దన్నాడు, గుజరాత్‌లో కల్లు ఎట్లాగూ బంద్. రాత్రంతా కాళ్లు పట్టి అలిసి ఉన్న కనకవ్వ, "సచ్చినంక తాగుదువులే," అంది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

అందుకే ఈసారి విస్తరితో పాటు కుండలో నీరా తెచ్చింది. చలికాలం పొద్దున ఇక్కడ నీరా, అంటే ఇంకా పులియని తాటి రసం, అమ్ముతారు, తియ్యగా ఉంటుంది. పొద్దున కొన్న నీరా పొద్దుగూకేదాకా కుండలో ఉంటే ఏమవుతుందో తాటిచెట్ల ఊళ్లో పుట్టిన మనిషికి ఒకరు చెప్పాలా?

ఆ రాత్రే ఎందుకంటే, తెల్లవారితే షెడ్డు కూలగొట్టే పని. రేకులు ఊడదీయమని షెడ్డు యజమాని సేఠ్ లింగానికే చెప్పాడు.

"రేకులు పోతే మీ బాపు యాడికి పోతడురా?" అంది కనకవ్వ.

కుండ మూత తీసి వేపమొద్దు మీద పెట్టింది. విస్తరి పక్కన పరిచింది. మనసులో రాజన్న దేవుణ్ణి తలుచుకుంది.

చాలాసేపు ఏమీ లేదు…

టక్. రేకు మీద అడుగు. ఇంకోటి. ఇంకోటి.

వాసన వచ్చింది. వాసన బియ్యం వాసన.

"అవ్వా… ఇంటికి పోదం," అన్నాడు లింగం. వాడికి ముప్పై నాలుగేళ్లు.

"సప్పుడు జెయ్యకు."

గోడ మీంచి ఏదో మెత్తగా దూకింది. చీకట్లో కుండ దగ్గర చప్పుడు — లప్… లప్… లప్.

కనకవ్వ కళ్లు మూసుకుని గొంతు తగ్గించి అడిగింది: "ఓ లింగం బాపూ… కోపమున్నదా ఇంక?"

చప్పుడు ఆగింది. ఒక తుమ్ము వినబడింది.

లింగం ఫోన్ లైటు వేశాడు. నల్లటి మూతి, మచ్చల ఒళ్లు, ఒంటంత పొడుగు తోక. పిల్లికంటే పెద్దది. వెనక రేకుల సందులో ఇంకో రెండు జతల చిన్న కళ్లు.

కనకవ్వ ఊపిరి వదిలింది. "మానుపిల్లిరా! మనూర్ల తాళ్లెక్కి కల్లు లొట్లు ఖాళీ జేసేది గిదే. ఆ బియ్యం వాసన గూడ దీని ఒంటిదే. ఊరంత కల్లు గీసెటోళ్లతోని తిట్లు వడ్తుండె. నేను జూసి ముప్పై ఏండ్లయింది."

"గిది పట్నంల ఎందుకుంటది?"

"మనమెందుకున్నం? చెట్లు కొట్టిన్రు, రేకుల కిందికి జేరింది. పిల్లల తల్లి… యాడికి పోతది?"

లైటుకు అది బెదరలేదు. ముందరి కాలు కుండలో ముంచి, నేల మీదికి విదిలించింది. మళ్లీ ముంచి విదిలించింది. మళ్లీ. అప్పుడు మూతి పెట్టి తాగింది.

మొండయ్య కల్లు ముట్టేముందు ఎల్లమ్మ తల్లి పేర వేలు ముంచి నేల మీద చల్లేవాడు. మూడుసార్లు.

"పిల్లులన్నీ గట్లనే దులుపుతయవ్వా," అన్నాడు లింగం.

"మూడుసార్లా?"

లింగం లైటు ఆపేశాడు.

తెల్లవారి ఏడింటికి సేఠ్‌కు ఫోన్ చేశాడు. "సేఠ్, రేకులు ఇప్పుడు తియ్యలేం. మా బాపు లోపల్నే ఉన్నడు."

"నెల సరిపోతుందా?" అన్నాడు సేఠ్, చిన్న గొంతుతో.

"రెండు నెలలియ్యున్రి. పిల్లలు గూడ ఉన్నరు."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది.

సంగతి విని, ఎల్లవ్వ గడపలో నిలబడి అడిగింది: "పిట్ట ముట్టాలె గని పిల్లి ముడితే ఎట్ల లెక్క, కనకవ్వా?"

కనకవ్వ తానం చేసి, రాజన్న పటం ముందు దీపం పెట్టి వచ్చింది. సద్దన్నం గిన్నె మూత తీసింది.

"లెక్కనే, అక్కా. నువ్వు గూడ కూసో," అంది.

ఇంటిల్లిపాదీ కూర్చుని తిన్నారు.