ఐదు జానల స్వెటర్

"నా స్వెటర్ చెయ్యి ఎవరు కోసిన్రు?"

మేడ మీద వడియాల గుడ్డ పరుస్తున్న వసుంధర వెనక్కి తిరిగి చూసింది. మెట్ల దగ్గర ఒక పొడుగాటి యువకుడు నిలబడి ఉన్నాడు. చేతినిండా నీలం ఊలు దారం ముక్కలు.

మే నెల. పొద్దున్న ఎనిమిదికే దిల్‌సుఖ్‌నగర్ మేడలు కాళ్ళు పెట్టనివ్వడం లేదు. ఆ ఎండలో స్వెటర్ అన్న మాట వినేసరికి, ఈయనకు వడదెబ్బ తగిలిందేమో అనుకుంది.

"చెయ్యేమిటండీ?"

"ఎడమ చెయ్యి. అల్లిక తప్పు పోతే మొత్తం ఇప్పిన. దారం ఉతికి, వంకరలు పోవాలని కింద ఇటుక కట్టి దండేనికి ఏలాడదీసిన. ఇప్పుడు చూస్తే ముక్కలు ముక్కలుంది."

వసుంధర వడియాల గుడ్డ వైపు చూసింది. గాలికి ఎగరకుండా నాలుగు మూలలూ నీలం దారంతోనే రాళ్ళకు కట్టి ఉన్నాయి.

"ఇటుక వేలాడుతుంటే మేస్త్రీలు వదిలేసిన దారం అనుకున్నాను."

అలా అనుకోవడంలో ఆమె తప్పేమీ లేదు. కాలనీలో ఎటు చూసినా ఇసుక గుట్టలు, సగం లేచిన గోడలు. గోడ తిన్నగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీలు దారానికి బరువు కట్టి వేలాడదీయడం రోజూ కనబడేదే.

"మేస్త్రీలు నీలం ఊలుతోని గోడ కడతరా?"

"ఈ ఇల్లు కట్టిన మేస్త్రీ దేంతోనైనా కట్టగలడు. మా వంటింటి గోడ చూశారా, ఎంత వంకరో?"

యువకుడు చేతిలోని దారం ముక్కల కేసి చూసుకున్నాడు. ఆ గోడ దగ్గరుండి కట్టించింది ఆయనే.

ఆయన పేరు జనార్ధన్. వసుంధర వాళ్ళు మేడ మీద అద్దెకుంటున్న ఈ ఇంటి యజమాని అరుణమ్మగారి ఒక్కగానొక్క కొడుకు. భూటాన్‌లో కరెంటు ప్రాజెక్టులో సూపర్‌వైజర్. అక్కడ ఒకసారి కాలు విరిగి, ప్రాజెక్టు దవాఖానలో నలభై రోజులు మంచం మీద ఉన్నాడు. ఆ మనిషి విసుగు చూడలేక ఒక ముసలి నర్సు చేతికి రెండు సూదులిచ్చి అల్లిక నేర్పింది. కాలు బాగయింది కానీ అల్లిక వదల్లేదు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఆ కొండల్లో వేరే పని కూడా లేదు.

వసుంధరకు ఇదంతా ఆయనే చెప్పాడు. మూడు రోజులు మెట్ల మీద కూర్చుని తెగిన ముక్కలను ముడి వేస్తుంటే, చేసిన పాపానికి ఆమె ఎదురుగా కూర్చుని అందించింది.

"మొగపిల్లలు అల్లడం నేనెక్కడా చూళ్ళేదు," అంది.

"ఊలును మేస్త్రీ దారం అనుకునేటోళ్ళను నేను గూడ చూడలే."

జనార్ధన్ నెల సెలవు అయిపోయింది. వెళ్ళే రోజు వసుంధర బడిలో ఉంది. కాలనీ ప్రైవేటు బడిలో ఆమె మూడో తరగతి టీచరు. సాయంత్రం వచ్చేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. ఇంట్లో అడుగుపెట్టే ముందు ఒక నిమిషం అక్కడ ఎందుకు ఆగిందో ఆమెకే తెలియలేదు.

* * *

అరుణమ్మకు చదువు రాదు. కొడుకు ఉత్తరాలు చదివిపెట్టే కిరాణా కొట్టతను దుకాణం ఎత్తేసి హయత్‌నగర్ వెళ్ళిపోవడంతో ఆ పని వసుంధరకు వచ్చింది. ఉత్తరం రాగానే అరుణమ్మ బర్రెకు గడ్డి వేసి, చేతులు కడుక్కుని, గుమ్మంలో కూర్చుని పిలిచేది.

"బిడ్డా, జర కిందికి రా. నా కొడుకు వచ్చిండు."

కొడుకు అంటే ఉత్తరం.

"అమ్మా, నేను బాగున్న. మొన్న నాకొక మఫ్లర్ అల్లిన. ఎక్కడ ఆపాలెనో తెల్వక ఏడు అడుగులైంది. మా గదిల ముగ్గురం పక్కపక్కన కూసుని ఒక్కటే మఫ్లర్ సుట్టుకుంటున్నం. తర్వాత గ్లవ్స్ అల్లిన. రెండూ ఎడమ చేతివే అయినయ్. మా ఇంజనీరుగారికిస్తే, ఎడమ చేతికి చలెక్కువ అని మంచి మాటన్నరు."

వసుంధర నవ్వు ఆపుకోలేకపోయింది.

"గిట్ల నవ్వుతవేంది? వాడు చలికి సస్తుంటే," అంది అరుణమ్మ, తనూ నవ్వుతూ.

కింద చివర్లో ఒక వాక్యం: "ఈ ఉత్తరం చదివేవారికి: వంటింటి గోడ మళ్ళ కట్టిస్త అని చెప్పమ్మా."

జవాబు అరుణమ్మ చెబుతుంటే వసుంధర రాసేది. చివర్లో తన మాటొకటి చేర్చేది. "రాసినవారి మాట: గోడ సంగతి తరువాత. ముందు మఫ్లర్ ఆపడం నేర్చుకోండి."

మొదట్లో ఆ మాటలు పైకి చదివేది. నాలుగైదు ఉత్తరాల తరువాత ఎందుకో పైకి చదవడం మానేసింది. అందులో దాచవలసినవేమీ లేవు. వాన పడిందనో, బడి పిల్లలకని ఆయన అల్లి పంపిన టోపీని ఒకడు మంచినీళ్ళ కూజాకు తొడిగాడనో, అంతే.

అక్టోబరులో జనార్ధన్ తల్లికి స్వెటర్ అల్లుతానని కొలతలు అడిగాడు. అరుణమ్మ లేచి నిలబడి, తన చేత్తో తనే కొలుచుకుంది.

"రాయి బిడ్డా. రొమ్ము చుట్టు ఐదు జానలు. పొడువు మూడు. చెయ్యి రెండు జానలు, పైన బెత్తెడు."

వసుంధర బుద్ధిగా రాసింది. నాలుగు గింజలు పోస్తే నిండిపోయే చిన్న చెయ్యి అరుణమ్మది. ఆ సంగతి రాయాలని ఆమెకు తోచలేదు. ఆ జాన ఎవరిదని అడగాలని అక్కడ జనార్ధన్‌కూ తోచలేదు. ఆయన తన జాన కొలిచి, దాన్ని ఐదుతో హెచ్చవేసి, అమ్మకు కొంచెం వదులుగా ఉండాలని ఇంకో నాలుగు వేళ్ళు కలిపాడు.

డిసెంబరులో ఎవరో స్నేహితుడి చేత స్వెటర్ వచ్చింది. మెరూన్ రంగు, ఛాతీ మీద పువ్వులు, ఒక్క వరస కూడా తప్పు లేదు. అరుణమ్మ వేసుకుంటే మోకాళ్ళ దాకా వచ్చింది. చేతులు నేల వైపు వేలాడాయి. పక్కనే నిలబడ్డ వసుంధర కూడా అందులో దూరితే ఇంకా చోటు మిగిలేలా ఉంది.

"బర్రెకు పంపిండా, నాకు పంపిండా?" అంది అరుణమ్మ.

కానీ ఇప్పనివ్వలేదు. చేతులు నాలుగు మడతలు పెట్టుకుని, మంగళవారం పొద్దున్నే కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి అదే వేసుకుని వెళ్ళింది. చూసినవాళ్ళు నవ్వితే, "నా కొడుకు అల్లిండు. మీ కొడుకులేం అల్లిన్రు?" అని అడిగిందట.

ఆ రాత్రి రాసిన జవాబులో వసుంధర మాట కాస్త పొడుగైంది. తప్పు తనదేనని ఒప్పుకుంది. అరుణమ్మ అసలు కొలతలు అంగుళాల్లో రాసింది. చివర ఇంకో వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. "ఆ స్వెటర్ చూస్తుంటే నవ్వు వస్తుంది, తరువాత ఎందుకో రాదు."

* * *

మరుసటి ఏడు జూలై ఐదున ఉత్తరం వచ్చింది. వాన పడుతూ ఉంది. అరుణమ్మ గుమ్మంలో కూర్చుంది, వసుంధర చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీకి వచ్చేసరికి ఆగిపోయింది.

"అమ్మా, ప్రాజెక్టుల ఇంకా మూడేండ్లు ఉంటరా అని అడుగుతున్నరు. జూలై ఇరవై తారీఖు లోపల కాయితం మీద సంతకం పెట్టాలె. పెట్టాల్నా ఒద్దా అన్నది ఒక్క మాట మీద ఉన్నది. మేడ మీది వసుంధరను నాకు అడుగు. ఈ ముక్క చదివేది ఆమెనే అని నాకు ఎరుకే. ఆమెకు ఇష్టం లేకపోతే ఇది నీకు చదవదు. అప్పుడు నీకూ తెల్వది, ఎవరికీ తెల్వది, ఆమెకు ఇబ్బంది ఉండది. జవాబు రాకపోతే నేనే అర్థం చేసుకొని సంతకం పెడత."

"ఆగినవేంది?" అంది అరుణమ్మ.

"అక్షరాలు తడిసిపోయాయి పిన్నిగారూ."

"ఇంకేం రాసిండు?"

"బాగున్నాను, నువ్వు జాగ్రత్త, అని."

ఆ అబద్ధం నోట్లోంచి ఎలా వచ్చిందో వసుంధరకు తెలియదు. పైకి వెళ్ళి, వంకర గోడకు ఆనుకుని, ఉత్తరం మళ్ళీ చదివింది. కోపం వచ్చింది. ఇష్టం లేని పిల్లకు ఎంత దారి వదిలాడు ఈ మనిషి. మరి ఇష్టమున్న పిల్ల సంగతేమిటి? తన సంబంధం తనే నోరారా చదివి వినిపించుకోవాలా? తన సిగ్గు ఎక్కడ పెట్టుకోవాలి?

రేపు చదువుదామనుకుంది. మర్నాడు అరుణమ్మ ఇంటికి చుట్టాలు వచ్చారు. ఆ మర్నాడు తనకే ధైర్యం రాలేదు. ఆదివారం కింద దాకా వెళ్ళి, పాలు తీసుకుని వచ్చేసింది. ఉత్తరం అక్కడికి చేరడానికి పన్నెండు రోజులు పడుతుందని ఆమెకు తెలుసు. ఎనిమిదో తారీఖు దాటిన సంగతీ తెలుసు.

పదమూడో తారీఖు బడిలో పిల్లల చేత తీసివేతలు చేయిస్తూ, నల్లబల్ల మీద ఇరవై లోంచి పదమూడు రాసింది. చూసుకుని, సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. మధ్యాహ్నం సెలవు అడిగి, గొడుగు కూడా మరిచిపోయి ఇంటికి వచ్చింది.

అరుణమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"పిన్నిగారూ, మొన్నటి ఉత్తరంలో ఒక ముక్క చదవలేదు నేను."

"తడిసిందంటివి గద."

"తడవలేదు."

నిలబడే చదివింది. తన పేరు వచ్చిన చోట కూడా ఆగలేదు. చివరి మాట దాకా చదివి, కాగితం మడిచి, నేల వైపు చూస్తూ నిలబడింది. జడ చివరి నుంచి నీళ్ళు గచ్చు మీద పడుతున్నాయి.

అరుణమ్మ చేట పక్కన పెట్టింది.

"ఎన్నొద్దులాయె ఇది వచ్చి?"

"ఎనిమిది రోజులు."

"ఎనిమిది దినాలు ముద్దెట్ల మింగినవే పిల్లా?"

వసుంధరకు ఏడుపు వచ్చింది. "నన్ను నమ్మి చదవమన్నారు మీరు. నేను దాచాను."

"దాచినవు, మళ్ళ తెచ్చినవు. తల తుడుచుకో ముందుగాల, జలుబు చేస్తది." తువ్వాలు ఆమె మీదకు విసిరి అరుణమ్మ లేచింది. "మీ నాయన ఇంట్ల ఉన్నడా?"

* * *

వాళ్ళు అద్దెకు దిగిన ఈ ఏడాదిన్నరలో అరుణమ్మ మెట్లెక్కి రావడం అదే మొదలు. మోకాళ్ళ నొప్పులు. వసుంధర తండ్రి త్రినాథరావుగారు కంగారుగా లేచి కుర్చీ వేశారు. ఆయన సచివాలయంలో గుమాస్తా, ఆ రోజు జ్వరమని ఇంట్లోనే ఉన్నారు.

అరుణమ్మ వచ్చిన పని ఒక్క మాటలో చెప్పింది.

"మేము మీ ఇంట్లో అద్దెకున్నవాళ్ళం అరుణమ్మగారూ."

"కిరాయి ముచ్చట నేను తెచ్చిన్నా?"

"అది కాదండీ. మా తిండి వేరు, మాట వేరు. మా పిల్ల గోంగూర అంటుంది, మీరు పుంటికూర అంటారు."

"కూర ఒక్కటే గద అన్నా. ఎవరు వండినా పుల్లగనే ఉంటది."

వసుంధర తల్లి శేషారత్నం వంటింటి గుమ్మంలోంచి మెల్లగా అంది. "అబ్బాయి అల్లికలు అల్లుతాడటగా, వదినగారూ."

"అల్లుతడు. మావోళ్ళే ఒకరు పిల్లనిస్తమని వచ్చిన్రు. మొగోడు సూదులు పట్టుడేందని నవ్వి పోయిన్రు. మీకు గూడ నవ్వొస్తే ఇప్పుడే నవ్వుండ్రి. పెండ్లైనంక నవ్వితే నాకు కోపమొస్తది."

ఎవరూ నవ్వలేదు. శేషారత్నం మాత్రం, "మా వారికి గుండీ కుట్టడం కూడా రాదు," అని లోపలికి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టింది.

త్రినాథరావుగారు కూతురి వైపు తిరిగారు.

"ఆ ఉత్తరం ఆవిడకు చదివింది నువ్వేనా?"

"నేనే నాన్నా."

"మొత్తం?"

"మొత్తం."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే ఇంక నిన్ను అడిగేదేముందమ్మా," అన్నారు.

* * *

ఉత్తరం వేస్తే అందే సమయం లేదు. టెలిగ్రామే దారి. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఒకే గొడుగులో, ఇసుక గుట్టలూ బురదా దాటుకుంటూ పోస్టాఫీసుకు వెళ్ళారు. అరుణమ్మ ఒక చేత్తో చీర కుచ్చెళ్ళు, ఇంకో చేత్తో వసుంధర మోచెయ్యి పట్టుకుంది.

వసుంధర ఫారం తీసుకుని ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసింది. కిటికీ వెనక కూర్చున్న పోస్టాఫీసు గుమాస్తా కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"కింద పంపేవారి పేరు లేదమ్మా."

కలం ఆగింది. ఈ ఏడాదిలో ఆమె రాసిన ప్రతి ఉత్తరం కిందా అరుణమ్మ పేరే ఉంది. తన మాటలు ఎన్ని చేర్చినా తన పేరు ఎక్కడా రాయలేదు.

"పిన్నిగారూ, మీ పేరు రాస్తాను."

"నా పేరుతోని ఏం ఫాయిదా బిడ్డా? నాలుగేండ్ల సంది నేను మొత్తానికే రా రా అంటనే ఉన్న. వాడు వచ్చిండా? నీ పేరు రాయి."

వెనక వరసలో ఐదారుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒకాయన ఆమె బడిలో పిల్లవాడి తండ్రి. వసుంధర ఒక్కసారి ఊపిరి తీసుకుని, పేరు రాసి, ఫారం కిటికీలోకి తోసింది.

గుమాస్తా అలవాటుగా పైకి చదివాడు. "డోంట్ సైన్. కమ్ హోమ్. వసుంధర."

వెనక ఎవరో దగ్గారు. వసుంధర తల దించుకుని గొడుగు పిడి కేసి చూసింది.

అరుణమ్మ కిటికీ దగ్గరకు జరిగింది.

"సారూ, జర మళ్ళ చదువుండ్రి. మొదలు నాకు ఇనపడలే."

గుమాస్తా రెండోసారి చదివాడు, ఈసారి ఇంకా గట్టిగా. ఈసారి వసుంధర తల దించుకోలేదు.