ఒక్క గొంతుకి ఎంత కంప్యూటర్ కావాలి

"అమ్మ గొంతుని మింగేసింది మీరిద్దరే! ఒకడు కంప్యూటర్లు ఎంచుతూ, ఇంకొకరు వాడికి తలూపుతూ!"

కూతురి కేకకి కొడుకూ తండ్రీ గడ్డకట్టుకుపోయారు. స్టవ్వు మీద పాలు పొంగిపోతున్నాయి. వాళ్ళమ్మ, టీచరమ్మే లేచి వెళ్ళి కట్టేసింది. డాక్టరు ఆమెని మాట్లాడొద్దన్నాడు. మధ్యాహ్నం ఆసుపత్రిలో చేరాలి. రేపు స్వరపేటిక తీసేస్తారు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు. "ఆపరేషన్" అని ఊరుకుంటారు.

చిన్నపిల్లల బడిలో పాటలు నేర్పిన మనిషి ఆమె. ఎక్కాలకి పాట, పళ్ళు తోముకోవడానికి పాట, ఏడుపు మాన్పడానికి పాట. అన్నీ సొంతంగా కట్టినవే. ఒక్కటీ రాసిపెట్టుకోలేదు. కూతురు నిండు గర్భిణి. పుట్టబోయే బిడ్డకి అమ్మమ్మ గొంతు వినిపించాలని, జబ్బు సంగతి తెలిసిన రోజే అన్నని అడిగింది. ఇంట్లోనే రికార్డు చెయ్యి అన్నయ్యా, అని.

వాడికి చేతకాక కాదు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాడు. మైకు ఉంది. కానీ ఉన్న పాత కంప్యూటర్ చాలదన్నాడు. రికార్డు చేయబోతే పాట మధ్యలో ఆగిపోతోంది, వినిపించే గొంతులో టప్ టప్‌మని పగుళ్ళు పడుతున్నాయి. అక్కణ్ణుంచి మొదలైంది వేట. ఈ ప్రాసెసర్ సరిపోదు. ఈ ర్యామ్ చాలదు. ఒకటి నచ్చితే, దాని ఫ్యాను మోత మైకులో పడుతుందన్నాడు. ఇంకోటి నచ్చితే, వచ్చే నెల కొత్త మోడల్ వస్తోంది ఆగమన్నాడు. ఆగారు. ఈలోపు టీచరమ్మ గొంతు బొంగురుపోయింది. ఆ బొంగురూ పోయి గరగర మిగిలింది.

"నిన్ననే కదే మెషీను వచ్చింది!" అన్నాడు కొడుకు. "ప్రోగ్రాములు ఎక్కుతున్నాయి. సాయంత్రానికల్లా..."

"సాయంత్రానికి అమ్మ ఎక్కడుంటుంది? ఆసుపత్రి మంచం మీద పాడిస్తావా?"

"వాడు మంచిదే కొనాలనుకున్నాడమ్మా," అన్నాడు తండ్రి మెల్లగా. "మీ అమ్మకి తక్కువరకం ఎందుకని."

"మీరు మాట్లాడకండి నాన్నా! మీరు బస్సు నడిపే రోజుల్లో, అమ్మ వెనక సీట్లో పాడుతుంటే ముందుకి వినపడేదని మీరేగా చెప్పింది? ఆ డొక్కు ఇంజను మోతకి లొంగని గొంతుకి, ఇప్పుడు ఫ్యాను అడ్డమొచ్చిందా?"

కూతురు విసురుగా అన్న గదిలోకి నడిచింది. వెనకే అందరూ వెళ్ళారు.

"ఇందాక నువ్వు స్నానానికి వెళ్తే, ఈ పాతదాన్ని తెరిచి చూశా. అమ్మ గొంతు ఒక్కటే ఉండాల్సిన చోట ఏమేం పెట్టావ్! వేణువులట, వయొలిన్లట, పెద్ద హాల్లో పాడినట్టు ప్రతిధ్వని అట! అంత బరువు నెత్తినేస్తే ఇది ఆగిపోదూ? అన్నీ తీసిపారేసి, ఉత్తి మైకు పెట్టి నేను పాడా. విను."

మీట నొక్కింది. రెండో ఎక్కం పాట. శ్రుతి లేదు, లయ లేదు, పాడిన మనిషికే నవ్వొచ్చి మధ్యలో ఆగింది. కానీ ఒక్క పగులు లేదు.

"ఒక్క గొంతుకి ఇది చాలు. నీ పనే ఇది కదా, నీకు తెలీదూ?"

టీచరమ్మ కొడుకు మొహంలోకి చూసింది. తెలుసు. వాడికి మొదట్నుంచీ తెలుసు.

"తెలుసు," అన్నాడు వాడు. "రికార్డు చేస్తే... ఇక అంతేగా. అమ్మ గొంతు పోతుందని నేనే ఒప్పేసుకున్నట్టు. కంప్యూటర్ వెతుకుతున్నంతసేపూ ఇంకా టైముందనిపించేది. ఈలోపు మందులు పనిచేస్తాయేమో, అసలు అవసరమే రాదేమో అని..."

గడ్డం పెరిగిన మనిషి, కొత్త కంప్యూటర్ వచ్చిన అట్టపెట్టె మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కాడు. పెట్టె అణిగిపోయింది.

కూతురి కోపం ఎటు పోయిందో. పొట్ట పట్టుకుని వాడి పక్కన నేల మీద కూర్చుంది. "నాకు చెప్పొచ్చు కదరా మొద్దూ! నాకు మాత్రం భయం లేదా?"

తండ్రి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

టీచరమ్మ ముగ్గురి వైపూ చూసింది. తప్పు వాడొక్కడిదే అయితే బాగుండేది. వాడు ఆగమన్న ప్రతిసారీ లోపల ఊపిరి పీల్చుకున్నది తనే. ఈ పాడు గొంతు బిడ్డకెందుకు, బాగయ్యాక పాడొచ్చులే అనుకుంది. బాగవదని తెలిసీ అనుకుంది. నలుగురూ తలో దిక్కున నోరు మూసుకుని, ఉన్న నాలుగు రోజులూ నేలపాలు చేసుకున్నారు.

ఇక చాలు. డాక్టరు మాట పక్కన పెట్టి, ఆమె నోరు తెరిచింది.

"లేవండి."

గరుకు కాగితం రాసినట్టుంది ఆ గొంతు. ముగ్గురూ ఉలిక్కిపడి చూశారు.

"నేను మూగదాన్నయ్యాక ఏడుద్దురుగాని, తీరిగ్గా. ఇప్పుడు కాదు. ఏవండీ, ఫ్యాను ఆపి కిటికీ మూయండి. అమ్మాయ్, గోరువెచ్చటి నీళ్ళు పట్రా. ఒరేయ్, ఆ కొత్తది అవతలికి తోసి పాతదాని ముందు కూర్చో. గరగర ఉంటే ఉండనీ. దగ్గొస్తే దగ్గు కూడా ఉంచు. ఒక్క ముక్క చెరిపావో, ఊరుకోను. బయల్దేరేదాకా పాడుతూనే ఉంటా. చూస్తావేం? నొక్కు!"