లాకుల క్వార్టర్స్‌లో వెండి డాలరు

అంబాజీపేట దాటేక కాలవ గట్టు మీద పాత లాకుల క్వార్టర్స్ ఉందా... దీపాలు పెట్టే వేళ దాటితే అటు ఎవరూ వెళ్ళరు. ఎప్పుడో కాలవ నీళ్ళకి లాకుల తలుపులెత్తే నౌకరు భార్య కాలవలో పడి చచ్చిపోయిందంట. అప్పట్నించీ ఆ వరండాలో కూర్చుని తడిజుట్టు పిండుకుంటూ ఉంటుందని చెబుతారు. కళ్ళారా చూసినవాళ్ళు ఎవరూ లేరు. చూసినవాళ్ళు తమకి తెలుసన్నవాళ్ళు మాత్రం ఊరికి పదిమంది.

బుచ్చిరాజు గారు ఇలాంటివి నమ్మరు. ఆయనది కొబ్బరి వ్యాపారం. పిచ్చి మాత్రం పాత నాణేల మీద. అందులోనూ వందా నూట యాభై ఏళ్ళ కిందటి అమెరికా వెండి డాలర్లంటే మరీను. "ప్రూఫ్" రకమైతే అన్నం సహించదు. చెలామణీకి కాకుండా, మెరుగుపెట్టిన అచ్చులతో ప్రత్యేకంగా కొట్టిన నాణెం అది. బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది, చుట్టూ ఖాళీ జాగా అద్దంలా ఉంటుంది.

"చూస్తే చాలండీ, అసలో నకిలీయో తెలిసిపోద్ది" అనేవారు. కిందటేడు రాజమండ్రిలో నాణేల సభలో తన డాలరు గురించి అరగంట మాట్లాడేరు. ముందు వరసలో ఒకావిడ చూస్తానని తీసుకుంటే, అది ఆవిడ హ్యాండ్‌బ్యాగు అయస్కాంతానికి టక్కున అతుక్కుంది. వెండి అతుక్కోదు కదా! ఈ సంగతి ఆయనే చెప్పి, ఆయనే నవ్వుతారు.

అలాంటి మనిషికి మొన్న శ్రావణంలో ఇశ్రాయేలు కబురు పెట్టేడు. కువైట్‌లో ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో పన్నెండేళ్ళు వంట చేసి వచ్చేడతను. ఆ దొర వెళ్ళిపోతూ ఒక వెండి డాలరు చేతిలో పెట్టేడంట. 1876 నాటిది.

"అమ్మాయి నర్సింగు చదువు దీని మీదే ఉందండీ. అసలుదైతే చెప్పండి. కాకపోతే ఆశ ఒదిలేసుకుంటాను."

వాళ్ళింట్లో పరీక్షగా చూద్దామనుకునేసరికి కరెంటు పోయింది. "రేపు చెబుతానయ్యా" అని బుచ్చిరాజు గారు నాణెం జేబులో పెట్టుకుని స్కూటరెక్కేరు.

ఏడున్నరకి సరిగ్గా లాకుల దగ్గర — వాన. దారి లేక క్వార్టర్స్ వరండా ఎక్కేరు.

"భయమా? అబ్బే" అంటారాయన. "ఊరికే గట్టిగా దగ్గేను. ఆ దగ్గు ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు."

మనసు మళ్ళించుకోవడానికి నాణెం తీసేరు. ఫోను దీపం వెలిగించి పిట్టగోడ మీద పెట్టేరు. వీపు గోడకి ఆనించి, భూతద్దం కంటికి పెట్టుకున్నారు.

అంచు చుట్టూ చూసేరు. అతుకు లేదు. సరుకు మూటల మీద కూర్చున్న ఆడమనిషి బొమ్మ... తెల్లగా, నురగలా. ఇంక ఒకటే పరీక్ష. ఖాళీ జాగాలో నీడ ఎంత స్పష్టంగా పడుతుందో చూడాలి.

కొంచెం వంచేరు. తన చెవి కనబడింది. చెవిలో వెంట్రుకలతో సహా.

ఇంకాస్త వంచేరు...

భుజం మీదుగా ఇంకో ముఖం.

ఆడమనిషి. విరబోసిన జుట్టు. ముక్కుపుడక... ముక్కు కొసన ఒక నీటిబొట్టు.

"ఆహా!" అన్నారు బుచ్చిరాజు గారు, పైకే. "నీటిబొట్టు కూడా కనబడుతోంది! అద్దమంటే ఇదీ!"

ఆ నీటిబొట్టు ఎవరిదన్న అనుమానం రావడానికి ఆయనకి మరో మూడు క్షణాలు పట్టిందంట.

అంతలో చీకట్లోంచి గుసగుసగా — "ఎంతసేపు చూస్తారండీ... దాన్ని?"

స్కూటరు అక్కడే. ఫోను అక్కడే. చెప్పులు అక్కడే. జయమ్మ టీ బడ్డీ దాకా అర కిలోమీటరు ఒకటే పరుగు. అంత పరుగులోనూ నాణేన్ని అంచులు పట్టుకునే ఉన్నారు, వేలిముద్ర పడితే ప్రూఫ్ పాడైపోతుందని. రెండో చెయ్యి దానికి గొడుగు.

జయమ్మ టీ అందిస్తుండగా వెనకాలే ఒకావిడ వచ్చింది. తలకి తువ్వాలు, చేతిలో ఆయన ఫోనూ చెప్పులూ. బాతులు తోలే వీరవేణి.

"ఏంటండీ రాజుగారూ, పలకరిస్తే పారిపోయేరు? వానకి నేనూ అక్కడే ఆగేనండీ."

బుచ్చిరాజు గారికి ఊపిరొచ్చింది. పగలబడి నవ్వేరు. "నువ్వా తల్లీ! నీ ముఖం నాణెంలో ఎంత బాగా పడిందనుకున్నావ్! సందేహం లేదు, అసలు ప్రూఫే!"

"నా ముఖమేంటండీ? నేను మీకు ఎదురుగా మెట్ల మీద కూర్చున్నాను. నాకు కనబడింది నాణెం వెనకవైపు గద్ద బొమ్మండీ. మీ ఎనకాల ఉన్నది గోడేగా..."

జయమ్మ గ్లాసు కింద పెట్టేసింది. బుచ్చిరాజు గారు వీరవేణి ముక్కు వైపు చూసేరు. పుడక లేదు.

అసలుదేనని ఇశ్రాయేలుకి చెప్పి, నాణేన్ని పరీక్షకి అమెరికా పంపించేరు. ఆ రెండు నెలలూ అది నకిలీ అని రావాలని ఆయన దేవుడికి దండం పెట్టుకున్నారు. నకిలీ అయితే, తన కళ్ళే మోసం చేసేయని సర్దిచెప్పుకోవచ్చు. మళ్ళీ ఇశ్రాయేలు కూతురు గుర్తొచ్చి లెంపలు వేసుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే ఇశ్రాయేలు ఫోను.

"అసలుదేనంటండీ! పిల్ల చదువు గట్టెక్కేసిందండీ! మీ మాటే నిజమైంది. ఆ అద్దంలో ఎక్కడా వంకర లేదని, ఉన్నది ఉన్నట్టే చూపిస్తదని రాసేరండీ!"

"ఆయ్..." అన్నారు బుచ్చిరాజు గారు.

నాణెం విషయంలో ఆయన చెప్పింది నిజమవడం అదే మొదటిసారి. సంతోషించడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.