ఏడు నిమిషాల ఒసాకా

2091 నాటికి విశాఖపట్నం వాళ్ళు పొద్దున్నే కొలంబో వెళ్ళి కొబ్బరికాయలు కొనుక్కుని, వంటవేళకి ఇంటికి రావడం మామూలైపోయింది. డాక్టర్ పైడితల్లి కనిపెట్టిన ‘మడతదారి’ మహిమ అది. చీర మడిస్తే రెండు అంచులూ కలిసినట్టు, ఆమె యంత్రం రెండు ఊళ్ళ మధ్య దూరాన్ని మడిచేస్తుంది. విమానం ఈ అంచు నుంచి ఆ అంచుకి దాటితే చాలు.

ఇప్పుడు ఒసాకా వంతు. అయిదున్నర వేల కిలోమీటర్లు, ఏడు నిమిషాలు. ఇంత పెద్ద మడతతో ఒక చిక్కుంది. విమానం దిగాక మడత కుదురుకోవడానికి తొంభై సెకన్లు పడుతుంది. ఈలోగా ఒక్క సీటు మీద బరువు తగ్గినా మడత విడిపోయి, విమానం క్షేమంగా విశాఖకి తిరిగొచ్చేస్తుంది. పరీక్షకి మూడు అవకాశాలిచ్చారు. మూడూ పోతే అనుమతి రాదు, పైడితల్లి ఇరవై ఏళ్ళ శ్రమ మూలన పడుతుంది.

మొదటిసారి చక్రాలు ఒసాకా నేలని తాకాయో లేదో, నలభైమంది ప్రయాణికులూ లేచి బ్యాగులు అందుకున్నారు. కిటికీలోంచి చూస్తే విశాఖ!

రెండోసారి విమానం నడిపే యంత్రం గొంతు బతిమాలింది. “అయ్యా, అమ్మా, తొంభై సెకన్లు కూర్చోండి.” అయినా మళ్ళీ విశాఖే.

పైడితల్లికి ఏడుపొక్కటే తక్కువ. “ఎవరండీ లేచింది?” అంది.

“నేను పూర్తిగా లెగలేదమ్మా,” అన్నాడు మూడో వరసలోని సింహాచలం. ఒసాకాలో చేపల వలల వ్యాపారం చూసుకోవాలని బయలుదేరిన పెద్దాయన. “బేగు మీద సెయ్యేసినానంతే.”

“తలుపు తియ్యకుండా ఎక్కడికి దిగుతారు?”

“అందరూ లెగిస్తే మనం కూకుంటే ఏటి బాగుంటాది?”

పక్కావిడ విసుక్కుంది. “రెండుసార్లు ఒసాకా వెళ్ళొచ్చాం, కడుపులో మాత్రం ఏమీ పడలేదు.”

పైడితల్లి ఒక్క క్షణం ఆవిడ వంక చూసి, క్యాంటీన్ వైపు పరుగుతీసింది.

మూడోసారి చక్రాలు నేల తాకగానే, ప్రతి సీటు ముందూ బల్ల దిగింది. దాని మీద పొగలు కక్కే ఇడ్లీ, అల్లం పచ్చడి, గిన్నె నిండా సాంబారు. ఒక్కరూ కదల్లేదు. కదిలితే సాంబారు ఒలికిపోతుంది మరి! తొంభై సెకన్లు గడిచాయి. తలుపు తెరుచుకుంది. పైడితల్లి ఆనందంగా తన సీట్లోంచి లేచింది.

“దిగండి!” అంది.

ఎవరూ దిగలేదు.

“ఉండమ్మా, ఇంకో రెండు ఇడ్లీ ఎయ్యమను,” అన్నాడు సింహాచలం.

అనుమతి ఇవ్వాల్సిన అధికారి తనాబే పావుగంట బయట నిలబడి, ఏమైందో చూద్దామని లోపలికొచ్చాడు. వాసన తగిలింది. ఖాళీ సీటు చూసుకుని కూర్చున్నాడు. కాఫీ కూడా అయ్యాక కాగితాల మీద సంతకం పెట్టి, అనువాద యంత్రంలోంచి వచ్చిన తెలుగులో, “అభినందనలు” అన్నాడు.

పైడితల్లి మెరుస్తున్న కళ్ళతో ఆ కాగితం అందుకుంది. దాని వెనక ప్రయాణికులందరి సంతకాలతో ఒక విన్నపం ఉంది: ‘ఏడు నిమిషాలు బొత్తిగా చాలడం లేదు. ప్రయాణాన్ని గంటకి పెంచగలరు.’

అన్నిటికన్నా పైన ఉన్న సంతకం తనాబేది.