పదిహేను లైన్ల ఖాళీ

“ఏటండీ కృపావతి గారూ, బొమ్మకి ఎనిమిది లైన్లు సాలంటే మళ్ళీ పదిహేను ఒదిలేసేరు?”

“మెషిన్ ఒదిలింది. దాన్నే అడగండి,” అంది కృపావతి తలెత్తకుండా.

డ్రాఫ్ట్స్‌మన్ జ్ఞానశేఖర్‌కి పోట్లాడే ఓపిక కూడా లేదు. అది 1985. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న ఒక కాంట్రాక్టు కంపెనీ. వెల్డింగ్ ఎలా చేయాలో చెప్పే స్టాండర్డ్స్ పుస్తకాలు ఆ ఆఫీసు నుంచే వెళ్ళేవి. కొత్త కంప్యూటర్ ప్రింటరుకి ఇంగ్లీషు పెద్దక్షరాలూ, అంకెలూ, నాలుగు గీతలూ తప్ప ఇంకేం రావు. బొమ్మ సరే, డిగ్రీ గుర్తయినా రాదు. అందుకని టైపు చేసే కృపావతి ఖాళీ వదలాలి, అతను ఆమె బల్ల పక్కన కూర్చుని ఇంకుతో గీయాలి. అరవై కాపీల్లోనూ! సాయంత్రానికి వేళ్ళు కొంకర్లు పోయేవి. అయినా ఆ కుర్చీ అంటే అతనికి ప్రాణం. ఆ మాట చెప్పడానికి మాత్రం ఏడాదిగా నోరు రాలేదు.

మధ్యాహ్నం మేనేజర్ గురునాథరావు హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒక కాగితం పట్టుకొచ్చాడు.

“ఇకమీదట సేతిగీతలు ఒద్దంట. బొమ్మని మాటల్లోనే రాసీమన్నారు. శేఖర్, సోమవారం నుంచి నువ్వు ఒరిస్సాలో పారాదీప్ సైటుకి.”

శేఖర్ పెన్నుకి మూత పెట్టేశాడు. ఇక ఈ కుర్చీ లేదు, ఈ మనిషీ లేదు అనుకున్నాడు.

“ఒక్కపాలి సూద్దాం సార్,” అంది కృపావతి. క్రేను దూలం అతుకు బొమ్మని అరపేజీ మాటల్లో కొట్టి, వెల్డర్ సూరన్నని పిలిపించి, తెలుగులో చెప్పింది. సూరన్న బుర్ర గోక్కుని నేల మీద సుద్దతో గీశాడు. పైకుండాల్సిన వాలు కిందకి పెట్టాడు.

“ఇలాగే గదమ్మా సెప్పేవు?”

గురునాథరావు వంగి ఆ గీత చూశాడు. “ఈ లెక్కన క్రేను కూలిపోద్ది. హెడ్డాఫీసుకి నాను రాత్తాను. నువ్వెక్కడికీ ఎల్లక్కర్లేదు, కూసోవయ్యా.”

సాయంత్రం ఆఖరి పేజీలో శేఖర్‌కి ఇంకో పదిహేను లైన్ల ఖాళీ కనిపించింది.

“ఇక్కడ బొమ్మే లేదు గదండీ?”

“లేదు.” ఆమె కళ్ళు మెషిన్ మీదే ఉన్నాయి. “ఏడాది నుంచీ నానే ఎక్కువ ఒదుల్తన్నాను. సోటుంటే పెద్దగా గీత్తారు, ఎల్లడం ఆలీసెం అవుద్దని.”

అతని అలసట ఎటు పోయిందో! “మరి ఇందులో ఏటి గియ్యమంటారు?”

“మీ ఇంటికి దారి. ఆదివారం చర్చి అయ్యాక మా నాన్నగారొత్తారు. ఆయనకీ మాటల్తో సెప్తే తెలీదు.”

నొప్పెడుతున్న వేళ్ళతోనే అతను పెన్ను మూత తీశాడు.

“ఎన్ని కాపీలండీ?”

“ఒకటి సాలు.”