పువ్వు కింద మరక

పొద్దున్నే కుట్టుమిషను చప్పుడుతోనే ఆ ఇల్లు నిద్రలేస్తుంది. అమ్మ దర్జీ. కిటికీ పక్కన కూర్చుని, దారాన్ని పంటితో పుటుక్కున కొరికి, "అయిపోయింది, తీసుకో" అంటుంది. కత్తెర పక్కనే ఉంటుంది గానీ దాన్ని అందుకోవడానికి ఆవిడకి ఒళ్ళు బద్ధకం.

ఆ రోజు పక్కవీధి నర్సు విసురుగా వచ్చి తన తెల్లకోటు మిషను మీద పడేసింది.

"పొడవు తగ్గించమన్నాను గానీ, కాలరు మీద ఎర్ర పువ్వు కుట్టమన్నానా ఆంటీ? ఫ్యాన్సీడ్రెస్ పోటీకి వెళ్తున్నావా అని డ్యూటీలో అందరూ ఒకటే నవ్వు!"

"బాగుంటుందని వేశాలే. సాయంత్రానికి తీసేస్తా," అంది అమ్మ, నోరు సరిగ్గా తెరవకుండానే.

పక్కనే గుండీలు కుడుతున్న కూతురు తలెత్తి చూసింది. అమ్మ అడగనిదే ఒక్క కుట్టు ఎక్కువ వేసే మనిషి కాదు. తీగకి వేలాడుతున్న బట్టలు తిరగేసి చూసింది. దిండుగలీబు అంచున ఓ పువ్వు, చొక్కా జేబు మీద ఓ పువ్వు. అమ్మకి మతి తప్పుతోందా? ఈమధ్య తిండి కూడా సగంలోనే వదిలేస్తోంది. అనుమానం ఒకసారి మొదలయ్యాక ఊరుకుంటుందా, కనిపించిన ప్రతిదాన్నీ సాక్ష్యానికి పిలుస్తుంది.

అమ్మ స్నానానికి వెళ్ళగానే కాలరు మీది పువ్వును సూదితో విప్పింది. దాని కింద గోధుమరంగు మరక. ఎండిన నెత్తురు.

"అమ్మా, ఇదెక్కడిది?"

తల తుడుచుకుంటూ వచ్చిన అమ్మ ఠక్కున ఆగిపోయింది. "సూది గుచ్చుకుంది."

"ఇన్నిసార్లా? ఏదీ, వేళ్ళు చూపించు." వేళ్ళ మీద గీత కూడా లేదు. "ఇప్పుడు నోరు తెరువు."

"నీకేమైనా పిచ్చా? పొయ్యి మీద పాలు పెట్టాను..."

"పొంగితే పొంగనీ. తెరువు!"

తెరిచింది. చిగుళ్ళు వాచిపోయి, పళ్ళ మొదళ్ళ దగ్గర ఎర్రగా చెమ్మ. దారం కొరికినప్పుడల్లా అదే బట్టకి అంటుతోంది.

"పళ్ళ డాక్టరు ఇక రానక్కర్లేదంది అన్నావుగా పోయినేడు!"

"అబద్ధం చెప్పాను. మూణ్ణెల్లకోసారి వచ్చి క్లీనింగ్ చేయించుకోమంది. ఒక్కసారికే పళ్ళ మధ్య సందులు పడ్డాయే. ముందు పన్ను కదలడం మొదలెట్టింది. మళ్ళీ వెళ్తే ఉన్నవన్నీ ఊడగొట్టి చేతిలో పెడతారు." అమ్మ తువ్వాలు అంచుని గట్టిగా పిండింది. "మా అమ్మకి నా వయసుకే పళ్ళన్నీ పోయాయి. అప్పట్నుంచి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది. ఆవిడ నవ్వు ఎలా ఉండేదో నాకు గుర్తే లేదు. నాకు భయమే."

అబద్ధం చెప్పినందుకు కడిగేద్దామనుకున్న కూతురు ఆ సంగతే వదిలేసింది. వెళ్ళి పొయ్యి కట్టేసి వచ్చింది. "నాకూ భయంగానే ఉంది. పద, ఇద్దరం కలిసే భయపడదాం."

పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో వెనక్కి వాలగానే అమ్మ కూతురి చెయ్యి అందుకుంది. పరికరం గుయ్‌మన్న ప్రతిసారీ ఆ చెయ్యి ఆవిడ గుప్పిట్లో నలిగింది. చాలాసేపటికి డాక్టరమ్మ మాస్కు కిందికి దించింది.

"సందులు క్లీనింగ్ వల్ల పడ్డవి కాదమ్మా. జబ్బు లోపల ఎముకని తినేస్తూ వచ్చింది. పైన గార గట్టిపడి పళ్ళని పట్టి ఉంచింది. అది తీసేసరికి అసలు సంగతి బయటపడింది. మీరు రావడం మానేశాక మళ్ళీ పేరుకుంది."

"ఊడిపోతాయా?"

"కింద ముందు పన్ను మాత్రం నిలవదు. మీకు అబద్ధం చెప్పను. ఇంట్లో సరిగ్గా తోముకుంటూ, ఇక్కడికి వేళకి వస్తూ ఉంటే మిగతావి కాపాడుకోవచ్చు."

అమ్మ ఏడ్చింది. కానీ కుర్చీ దిగి పారిపోలేదు.

ఆ పన్ను తీయించాక కూతురు కత్తెరని రిబ్బనుతో మిషనుకి కట్టేసింది. కొన్నాళ్ళకి నర్సు కొత్త కోటు తీసుకోవడానికి వచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈసారి పువ్వు లేదేం ఆంటీ? నామీద కోపమా?"

అమ్మకి నవ్వాగలేదు. వెంటనే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

కూతురు ఆ చెయ్యి పట్టి కిందికి దించింది. "అడ్డం పెట్టకమ్మా. నన్ను చూడనీ."

పన్ను లేని ఆ సందుతోనే నవ్వుతూ అమ్మ కళ్ళు తుడుచుకుంది. "డాక్టరమ్మ రేపు మళ్ళీ క్లీనింగ్‌కి రమ్మంది. నువ్వూ వస్తావుగా?"

"రాకపోతే ఎవరి చెయ్యి నలుపుతావ్?"