గురువారాల కళ్ళ వైద్యం

పొద్దున పూట ఆ ఇంట్లో ఎవరి హడావుడి వాళ్ళది. ఆయన గుమ్మం దగ్గర నిలబడి చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. షాపుకి వచ్చినవాళ్ళందరికీ 'చొక్కాతో తుడవకండి, గీతలు పడతాయి' అని చెప్పే మనిషే. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులున్నాయి మరి. లోపల ఆయన భార్య కూతురికి జడ వేస్తోంది.

"నాన్నా, అమ్మ కళ్ళకి వైద్యం చేయించుకుంటోంది, తెలుసా?" అంది చిన్నది.

దువ్వెన ఆగింది. ఆయన చేతిలో కళ్ళజోడూ ఆగింది.

"నీకెవరు చెప్పారే?"

"అమ్మ ఫోన్లో మాట్లాడుతుంటే విన్నా. ప్రతి గురువారం వెళ్తోందిగా. ఎవరో వేలు చూపిస్తే అమ్మ కళ్ళు ఇటూ అటూ తిప్పాలట."

"తల కదపకు. పాపిడి వంకరొస్తుంది," అంది తల్లి, అసలు కదలని తలని పట్టుకుని.

ఆ వీధిలో ఆయన్ని అందరూ కళ్ళజోళ్ళాయన అంటారు. నాన్న పెట్టిన షాపునే నడుపుతున్నాడు. అద్దాలు అరగదీస్తాడు, ఫ్రేములు బిగిస్తాడు, సైటు చూస్తాడు. అలాంటి ఇంట్లో ఆడమనిషి కళ్ళ వైద్యానికి ఇంకెక్కడికో వెళ్తోందంటే ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"పెరటి చెట్టు మందుకి పనికిరాదన్నమాట," అన్నాడు, ఆమె ఆఫీసుకి బయల్దేరుతుంటే. "రా, దారిలో షాపులో కూర్చో. చూస్తాను."

ఆమె వద్దనలేదు. కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, గోడ మీది బోర్డులో అక్షరాలు చదివింది. పెద్దవి చదివింది, చిన్నవి చదివింది. రెండో కంటితోనూ చదివింది. ఆఖరి వరుస కింద చీమ తలకాయంత అక్షరాల్లో బోర్డు అచ్చేసినవాళ్ళ పేరుంటే అదీ చదివేసింది.

"నీ కళ్ళు గద్ద కళ్ళు. ఇక వైద్యం దేనికి?"

"చెప్తానండీ. ఇప్పుడు కాదు."

"ఎప్పుడు?"

ఆమె బస్సుకి టైమైందని లేచి వెళ్ళిపోయింది. ఆ 'ఇప్పుడు కాదు' అనే మాట ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అది రావడానికి తలుపు తెరవక్కర్లేదు, సందుంటే చాలు. గురువారాలు ఆమె ఎర్రబడ్డ కళ్ళతో రావడం ఇప్పుడు గుర్తొచ్చింది. ఫోను బోర్లించి పెట్టడం గుర్తొచ్చింది. వీటన్నిటి కంటే పాత పుండు ఒకటుంది, అది మళ్ళీ సలపడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే సోఫాలో కూర్చుని, కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టి మూత వేసి, ముక్కు మీది గుంటలు నలుపుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఆమె లేచి లోపలికి పోతుంది. ఒక రోజు కాదు, రెండ్రోజులు కాదు, కాపురానికి వచ్చినప్పటి నుంచీ అంతే. కొత్తలో సిగ్గనుకున్నాడు. తర్వాత వంటింట్లో పని అనుకున్నాడు. ఆ తర్వాత ఏమీ అనుకోవడం మానేశాడు. ఇప్పుడు ఆ లేచిపోవడాన్నీ ఈ గురువారాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆయనకి ఒక్క అర్థమే కనిపించింది. తనంటే ఇష్టం లేదు. ఇంకెవరో ఉన్నారు.

తర్వాతి గురువారం షాపు తలుపు దించి, తేలు కుట్టిన దొంగలా ఆమె వెనకాలే నడిచాడు. ఎక్కడో హోటలుకో పార్కుకో వెళ్తుందనుకున్నాడు. ఆమె ఒక జిరాక్స్ షాపు పక్క మెట్లెక్కింది. పైన సన్నటి వరండా, గోడవారగా మూడు ప్లాస్టిక్ కుర్చీలు, చివర గరుకు అద్దం బిగించిన తలుపు. తలుపు పక్కన 'మానసిక సలహాలు' అని చిన్న బోర్డు.

ఆ అద్దంలోంచి మనుషులు మచ్చల్లా తప్ప కనిపించరు. జీవితమంతా మసక పోగొట్టడమే పనిగా బతికినవాడికి ఆ మసక ఒళ్ళు మండించింది. ఒక మచ్చ తన భార్య. రెండోది జుట్టు నెరిసిన ఆడమనిషి. మగవాడు కాదని తెలిసి ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో అనుమానం పుట్టింది. ఆ పెద్దావిడ చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వాలుతోంది, వానలో బస్సు అద్దం తుడిచే పుల్లలాగా. కాసేపటికి చెయ్యి ఆగింది.

"ఇప్పుడేమనిపిస్తోంది?" అంది ఆవిడ.

ఆయన భార్య గొంతు ఏడుపులోంచి వచ్చింది. "సాయంత్రం మా ఆయన ఇంటికి వస్తారు కదండీ... వచ్చి కూర్చోగానే నాకక్కడి నుంచి పారిపోవాలనిపిస్తుంది."

ఆ తర్వాతి మాటలు ఆయన వినలేదు. మెట్లు ఎలా దిగాడో, షాపుకి ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. ఎవరో ముసలావిడ వేలు ఆడించి కనికట్టు చేసి తన కాపురం కూలుస్తోంది, అంతే. ఆ మధ్యాహ్నం కొత్తగా వచ్చిన కళ్ళజోడు పెట్టెలని పరీక్షించుకుంటూ కూర్చున్నాడు. పెట్టె మంచిదో కాదో మూత చప్పుడే చెప్తుందని ఆయన నమ్మకం. ఒక్కొక్కటీ తెరిచి మూశాడు. టప్. టప్. టప్. ఏ ఒక్కటీ ఆయనకి నచ్చలేదు.

భార్యనే అడిగి ఉండొచ్చు. కానీ అడిగితే ఆ మాట ఆమె ముఖం మీదే అనేస్తుందేమోనని భయం. అందుకని మామగారికి ఫోన్ చేశాడు.

మామగారు కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. జడ్జీల పక్కన కూర్చుని కూర్చుని ఆయనకి తీర్పు చెప్పే గొంతు పట్టుబడింది. అల్లుడంటే ప్రాణం. అల్లుడికీ ఆయనంటే గురి. పెళ్ళప్పుడు షాపులోకెల్లా ఖరీదైన స్టీలు స్ప్రింగు కళ్ళజోడు పెట్టె ఏరి మరీ మామగారి చేతిలో పెట్టాడు.

ఆదివారం పొద్దున చిన్నదాన్ని పక్కింటికి పంపి ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. తండ్రి ఎందుకొచ్చాడో ఆమెకి తెలియదు. టీ ఇచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"మామయ్యగారూ, మీ అమ్మాయికి నాతో కాపురం ఇష్టం లేదు," అన్నాడు ఆయన. "ఎవరో ఆవిడ దగ్గరికి వెళ్ళి నా మీద చెప్పుకుని ఏడుస్తోంది. నేను రాగానే పారిపోవాలనిపిస్తుందట. నా చెవులతో విన్నాను. నేనేం తప్పు చేశానో మీరే అడగండి."

ఆమె మొగుడి వంక చూసింది. "నా వెనకాల వచ్చారా?"

"నువ్వుండమ్మా," అన్నాడు తండ్రి.

ముసలాయన కంగారుపడలేదు. కళ్ళజోడు తీశాడు, అల్లుడిచ్చిన పెట్టెలో పెట్టాడు. మూత మూశాడు.

టప్.

"ఇలా వచ్చి నిలబడు."

ఉద్యోగం చేసే మనిషి, ఒక పిల్ల తల్లి, లేచి వెళ్ళి తండ్రి ముందు నిలబడింది. చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. అరచేతులు మూసుకున్నాయి. భుజాలు చెవుల దాకా లేచాయి.

కళ్ళజోళ్ళాయన అది చూశాడు. ఈసారి ఆయన కళ్ళజోడు కళ్ళకే ఉంది. రోజూ పదిమంది కళ్ళలోకి లైటు వేసి చూసేవాడు, అయినా అలాంటి కళ్ళు ఎప్పుడూ చూడలేదు. కనుపాపలు రెండూ ఇంతింత పెద్దవై, తండ్రి ఒళ్ళోని ఆ పెట్టె మీద అతుక్కుపోయి ఉన్నాయి. అవి మొగుడంటే ఇష్టం లేని మనిషి కళ్ళు కావు. దెబ్బ కోసం కాచుకున్న చిన్నపిల్ల కళ్ళు.

"మామయ్యగారూ, ఆగండి," అన్నాడు ఆయన లేస్తూ.

ఆమె చెయ్యెత్తి మొగుణ్ణి ఆపింది. రెండు పాదాలూ నేలకి గట్టిగా ఆనించింది. ఊపిరి నిదానంగా తీసి వదిలింది. తర్వాత చెయ్యి చాపింది.

"నాన్నా, ఆ పెట్టె ఇలా ఇవ్వండి."

తండ్రి అర్థంకాక ఇచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"చిన్నప్పుడు మీరు కళ్ళజోడు తీసి, పెట్టెలో పెట్టి, మూత వేసేవాళ్ళు. ఆ తర్వాత బెల్టు తీసేవాళ్ళు. అద్దాలు పగలకూడదని మీకు జాగ్రత్త. వాటిని భద్రంగా దాచి, అప్పుడు నా మీదికి వచ్చేవాళ్ళు."

"ఏ ఇంట్లో పిల్లల్ని కొట్టలేదమ్మా?" అన్నాడు తండ్రి. "నీ బాగు కోరి ఒకటో రెండో వేసుంటాను. నాకంత గుర్తు కూడా లేదు."

"మీకు గుర్తుండక్కర్లేదు నాన్నా. నాకు పోవట్లేదు. అది ఎప్పుడో జరిగినట్టు ఉండదు. ఆ చప్పుడు వింటే ఇప్పుడే, ఇక్కడే జరగబోతున్నట్టు ఉంటుంది. అందుకే ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. అది తలుచుకుంటూ ఆవిడ వేలు వెంట కళ్ళు తిప్పుతాను. ఆపి అడుగుతారు, చెప్తాను, మళ్ళీ తిప్పుతాను. మొదట్లో చాలా రోజులు అసలు ఆ ఊసే ఎత్తనివ్వలేదు, ముందు ధైర్యంగా నిలబడటం నేర్పారు. ఆవిడ కనికట్టేం చెయ్యట్లేదు. జరిగింది మారిపోదు కూడా. కానీ కొంచెం కొంచెంగా అది వెనక్కి వెళ్తోంది."

ముసలాయన కళ్ళజోడు లేని కళ్ళతో కూతురి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె పెట్టె తెరిచి కళ్ళజోడు తీసి ఆయన చేతికిచ్చింది. పెట్టె మాత్రం ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

ముసలాయన గుమ్మం దాకా వెళ్ళి, తలుపు పట్టుకుని ఆగాడు.

"మీ అమ్మ కుట్టుమిషను కింద దాక్కునేదానివి," అన్నాడు, అటు తిరిగే. "పాదాలు బయటికి కనిపించేవి."

గుర్తు లేదన్న మనిషి భుజాలు కదిలిపోయాయి. ఆమె వెళ్ళి ఓదార్చలేదు. కానీ ఆయన మెట్లు దిగేవరకూ గుమ్మంలోనే నిలబడి చూసింది.

తలుపు వేసి వచ్చి ఆమె సోఫాలో ఒక చివర కూర్చుంది. కళ్ళజోళ్ళాయన ఇంకో చివర కూర్చున్నాడు.

"నన్నడగాల్సింది," అంది.

"అడిగితే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని కాదేమో. అయినా అడగాల్సింది. నా వెనకాల రావడం ఒకటి, పైగా ఆయన్నే తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టారు."

"తప్పే," అన్నాడు. ఇంకేం చెప్పినా సాకులాగే ఉంటుందని ఊరుకున్నాడు.

"మీరొచ్చి కూర్చోగానే ఎందుకు లేచి పారిపోతానో నాకే తెలిసేది కాదు," అంది ఆమె, ఈసారి మెత్తగా. "మీరంటే ఇష్టం లేదేమోనని నేను కూడా అనుకున్నాను. మంచి మనిషి కదా, ఎందుకిలా ఉంటున్నానని ఏడ్చేదాన్ని. ఈమధ్యే, ఆ వేలు చూస్తుంటే తెలిసింది. మీరు కాదు. ఆ మూత."

ఇన్నేళ్ళూ ఆ క్షణంలో ఆమె ముఖం తనకి ఎందుకు కనిపించలేదో ఆయనకి అప్పుడు తట్టింది. చప్పుడయ్యేసరికి ఆయన కళ్ళజోడు పెట్టెలో ఉండేది. అది లేకపోతే మూడడుగుల దూరంలో మనిషి ముఖం ఆయనకి ఆనదు. ఊరందరికీ చూపునిచ్చేవాడు పక్కనున్న మనిషి భయాన్ని ఒక్కసారీ చూడలేదు. దీపం కింద చీకటంటే ఇదే. ఆయన రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె ఆ చివర నుంచి ఈ చివరకి జరిగింది.

మర్నాడు ఆయన, ఆమె దగ్గరున్నది తప్ప, ఇంట్లో ఉన్న గట్టి పెట్టెలన్నీ షాపుకి చేరవేశాడు. తన కళ్ళజోడుకి గుడ్డ సంచి కుట్టించుకున్నాడు. గురువారాలు షాపు కాసేపు మూసి ఆమెతో వెళ్ళేవాడు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు, గరుకు అద్దం వైపు వీపు పెట్టి. లోపలేం జరిగిందని అడిగేవాడు కాదు. ఆమె చెప్తే వినేవాడు. తండ్రి అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. ఆమె కొన్నిసార్లు ఎత్తేది, కొన్నిసార్లు ఎత్తేది కాదు.

వానలు వెళ్ళిపోయాక ఒక సాయంత్రం ఆయన షాపు నుంచి ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని, కళ్ళజోడు తీసి సంచి కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"ఉండండి," అంది ఆమె. బీరువాలోంచి తండ్రి దగ్గర తీసుకున్న స్టీలు స్ప్రింగు పెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టి, రెండో చివర కూర్చుంది. "ఇందులో పెట్టండి."

"ఎందుకిప్పుడు? వద్దు."

"పెట్టి, మూయండి. మీరు రోజూ మూసినట్టే."

ఆయన పెట్టె తెరిచాడు. పెట్టాడు. మూశాడు.

టప్.

కళ్ళజోడు లేక ఆయనకి గదంతా మసకేసింది. ఆమె ముఖంలో ఏముందో కనిపించలేదు. భుజం ఒకటి ఉలిక్కిపడ్డట్టు అనిపించింది, అంతే. ఆమె లేచే చప్పుడు కోసం, లోపలికి వెళ్ళే అడుగుల కోసం చెవులు రిక్కించాడు.

"మళ్ళీ," అంది ఆమె.

మూత తెరిచి మళ్ళీ మూశాడు. కళ్ళు నీళ్ళతో నిండి, ఉన్న కాస్త చూపూ పోయింది. అయినా సోఫా రెండో చివర ఆమె చీర రంగు మాత్రం తెలుస్తూనే ఉంది. అది అక్కడి నుంచి కదల్లేదు.

"టీ పెట్టనా?" అంది చాలాసేపటికి.

"వద్దు. కూర్చో."

ఆమె కూర్చుంది.